నాకన్నా ముప్పై ఏళ్లు పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పుతున్నాను. తప్పు దిద్దేది ఎలా?

ప్రశ్న: "సాయంత్రం బడి", ప్రకాశం జిల్లా

నా వయసు 23. బీఎడ్ పూర్తిచేసి డీఎస్సీకి చదువుకుంటున్నాను. మూడు నెలలుగా మా ఊళ్లో వయోజనులకు చదువు నేర్పే ఉల్లాస్ కార్యక్రమం కింద స్వచ్ఛంద బోధకురాలిగా పనిచేస్తున్నాను. సాయంత్రం ఏడింటి నుంచి ఎనిమిదిన్నర వరకు అంగన్‌వాడీ గదిలో పన్నెండు మందికి చదవడం, రాయడం, లెక్కలు నేర్పాలి. వాళ్లలో అందరికన్నా చిన్నావిడకు 41 ఏళ్లు, పెద్దావిడకు 64. పదిమంది ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. బీఎడ్‌లో నేను చదివిన మనస్తత్వ శాస్త్రమంతా ఆరేళ్ల పిల్లల గురించీ పద్నాలుగేళ్ల పిల్లల గురించీ తప్ప, అరవై నాలుగేళ్ల మనిషి పలక పట్టుకుని నా ఎదుట కూర్చుంటే ఏం చేయాలో అందులో ఎక్కడా లేదు.

ఈ పన్నెండు మందిలో నాకు పరాయివాళ్లంటూ ఎవరూ లేరు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఒకావిడ మా అమ్మకు వదిన, నాకు అత్త. ఇంకొకావిడ నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు మా బడిలో మధ్యాహ్న భోజనం వండి వడ్డించిన ఆయమ్మ. పప్పన్నం తినకుండా గోడ వెనక పారబోశానని ఒకసారి నా చెవి మెలిపెట్టిన మనిషి. వాళ్లెవరూ నన్ను టీచరని పిలవరు, "పాపా" అనే పిలుస్తారు. దానికి నాకేమీ బాధ లేదు. అయితే నేను ప్రశ్న అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతారే గాని జవాబు చెప్పరు.

పోయిన నెలలో జరిగిన రెండు సంగతులు చెబుతాను. "పడవ" అని రాయమన్నప్పుడు ఆయమ్మ "వడవ" అని రాసింది. నేను మామూలుగా పిల్లల దగ్గర చేసినట్టే ఆమె పలక తీసుకుని అందరికీ కనిపించేలా పైకెత్తి, "ఇందులో తప్పేమిటో ఎవరు చెబుతారు?" అని అడిగాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మర్నాటి నుంచి ఆమె రావడం మానేసింది. నాలుగో రోజున ఇంటికి వెళితే, "కంది కోతకు పోతున్నా పాపా, పొద్దుగూకేసరికి ఒళ్లు తెలవడం లేదు" అంది. మా ఊళ్లో కంది కోతలు అయిపోయి అప్పటికే మూడు వారాలు దాటింది.

రెండోది లెక్కల పాఠంలో జరిగింది. పద్దెనిమిది వేల అప్పుకు నూటికి రెండు రూపాయల చొప్పున ఏడు నెలలకు వడ్డీ ఎంతో కనుక్కునే పద్ధతి చెబుతూ బోర్డు మీద సూత్రం రాస్తున్నాను. నేను సూత్రం రాయడం పూర్తయ్యేలోపే మా అత్త, "రెండు వేల ఐదొందల ఇరవై" అనేసింది. వరసకు మామయ్య అయ్యే 58 ఏళ్ల ఆయన వెనకనుంచి, "పాప లెక్క ఇంకా దార్లోనే ఉంది, మన లెక్క ఊరు చేరింది" అన్నాడు. ఆ మాటకు నాకే నవ్వొచ్చింది గాని, ఇంటికి వెళ్లాక మాత్రం నేను వీళ్లకు నేర్పేదేమిటని చాలాసేపు అనిపించింది.

చివరలో ఒక పరీక్ష ఉంటుంది. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50, మొత్తం 150 మార్కులు. పన్నెండు మందీ ఆ పరీక్ష రాసేలా చూడాలని నా కోరిక. వయసులో ఇంత పెద్దవాళ్ల తప్పులను వాళ్లను నొప్పించకుండా దిద్దడం ఎలాగో, అలా అని వాళ్లు నన్ను చంటిపిల్లలా చూసే ఈ పద్ధతి మారేది ఎలాగో అనుభవం ఉన్నవాళ్లు చెప్పాలని కోరుతున్నాను. ఆయమ్మను తిరిగి రప్పించే దారి ఉంటే అది ముందు చెప్పండి.


సమాధానం: "పాత వలంటీరు", నెల్లూరు జిల్లా

అమ్మాయీ, 1991లో మా జిల్లాలో అక్షర దీపం అనే అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు నేను ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు తప్పి ఊళ్లో ఖాళీగా తిరుగుతున్న పందొమ్మిదేళ్ల కుర్రవాణ్ణి. ఖాళీగా ఉన్నవాడు ఎవడని వెతికి నన్ను వలంటీరుగా పెట్టారు. అంతకుమించిన అర్హతేదీ నాకు లేదు. చావిడిలో ఒక హరికేన్ లాంతరు, ఒక నల్లబల్ల, ఇరవై మంది. మా పెద్దమ్మ కూడా అందులో ఉంది.

మీరు అడగని విషయంతో మొదలుపెడుతున్నాను. మీ పన్నెండు మంది కళ్లు ఎలా ఉన్నాయో ఎప్పుడైనా గమనించారా? మా కేంద్రంలో ముగ్గురు ఆడవాళ్లకు రెండు నెలలు చెప్పినా అక్షరం అంటలేదు. వీళ్లకు చదువు రాదని నేను తీర్మానించుకుని, వాళ్లను వెనక వరసకు పంపి, మిగిలినవాళ్లతో ముందుకు పోయాను. ఒకరోజు వాళ్లలో ఒకామె భర్త ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చి, ఆమె పుస్తకాన్ని బారెడు దూరాన పట్టుకుని తంటాలు పడుతుంటే చూసి, తన కళ్లజోడు తీసి ఆమె ముక్కు మీద పెట్టాడు. ఆమె ఆ పేజీలోని పదాలు నాలుగింటికి మూడు చదివింది. నలభై దాటాక దగ్గరి చూపు మందగించడాన్ని మనవాళ్లు చత్వారం అన్నారు. ఆ పేరులోనే నలభై ఉంది. నాకు పందొమ్మిదేళ్లు కాబట్టి ఆ సంగతి తట్టలేదు. లాంతరు వెలుతురులో సన్నటి అచ్చు చూడలేకపోయిన మనుషుల్ని రెండు నెలలు మొద్దులని అనుకున్నాను. వయసు తక్కువ కావడం వల్ల నాకు జరిగిన నష్టం అది. వాళ్లు నన్ను "ఒరేయ్" అని పిలవడం వల్ల ఏ నష్టమూ జరగలేదు.

మీ ఆయమ్మ రాసిన తప్పు విషయంలో కూడా ముందు నాకు కళ్ల మీదే అనుమానం వస్తోంది. "ప"కూ "వ"కూ తేడా ఎంత? ఒకదానికి పైన సందు ఉంటుంది, ఇంకొకదానికి మూసుకుపోతుంది. చత్వారం ఉన్న కంటికి వాచకంలో ఆ సందు కనిపించదు. బోర్డు మీద జానెడు ఎత్తున రెండూ పక్కపక్కన రాసి చూడండి. అప్పుడూ తేడా తెలియకపోతే అది చదువు సంగతి; తెలిసిందంటే మాత్రం కళ్లజోడు సంగతే.

ఇక తప్పు దిద్దడం. మేము మొదట పుస్తకాలు ఇచ్చి, ఎర్ర సిరాతో దిద్ది, పొరపాటు పడ్డాం. పుస్తకంలో దిద్దిన తప్పు ఇంటికి వెళుతుంది, కొడుకు చూస్తాడు, కోడలు చూస్తుంది. పలక మీది తప్పు మాత్రం తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. పెద్దవాళ్లు పలకను ఎందుకు ఇష్టపడతారో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అటువంటి పలకను మీరు పదకొండు మంది ముందు పైకెత్తారు. పిల్లవాడికైతే అది ఆ గంటతో పోయేది. ఆమె ఇంటికి వెళ్లే దారిలో ఆ పదకొండు మంది ఇళ్లూ ఉన్నాయి.

దానికి నేను తరువాత పట్టిన పద్ధతి చెబుతాను. ఎవరి పలకనూ చేతిలోకి తీసుకునేవాణ్ణి కాదు. ఆమె పక్కన నేల మీద కూర్చుని, నా పలక మీద అదే పదం సరిగ్గా రాసి, రెండు పలకలూ పక్కపక్కన ఉండేలా పెట్టి, ఏమీ అనకుండా లేచి వెళ్లేవాణ్ణి. ఎక్కువమంది తమంతట తామే తుడిచి మళ్లీ రాసేవాళ్లు. రాయనివాళ్ల దగ్గరకు మర్నాడు వెళ్లేవాణ్ణి.

ఇంకొక్క మాట. మా వాచకంలో సారా వల్ల చితికిపోయే సంసారాల గురించిన సీతమ్మ కథ ఉండేది. ఆ పాఠం చెప్పిన రోజున నేను రెండు వాక్యాలు చదివానో లేదో, ఆడవాళ్లు తమలో తాము మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఎవరి మొగుడు కూలి డబ్బులో ఎంత కొట్లో పోసి వస్తున్నాడో, ఎవరు ఏ గిన్నె తాకట్టు పెట్టారో చెప్పుకున్నారు. నేను రెండుసార్లు బల్ల మీద చరిచి, "పాఠం వినండి" అన్నాను. మా పెద్దమ్మ నా వైపు తిరిగి, "నువ్వు కూర్చోరా, ఇది మా పాఠం" అంది. కూర్చున్నాను. మా జిల్లాలోని దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించడం, అది జిల్లా అంతటా పాకడం, చివరికి 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారాను నిషేధించడం అందరూ ఎరిగిన చరిత్రే. అందులో నా పాత్ర ఏమీ లేదు. ఆ రాత్రి నోరు మూసుకుని కూర్చోవడం తప్ప. అయితే ఆ రాత్రి తరువాత వాళ్లు అక్షరాలు నేర్చుకున్న వేగం అంతకు ముందు నేను చూడలేదు.


సమాధానం: "యాభై రెండేళ్లకు టెన్త్", గుంటూరు

నేను మీ ఆయమ్మ వైపునుంచి మాట్లాడతాను. ఐదో తరగతితో బడి మానిపించి నాకు పెళ్లి చేశారు. పిల్లలు స్థిరపడ్డాక ఓపెన్ స్కూలులో చేరి, 52వ ఏట పదో తరగతి పాసయ్యాను. మా స్టడీ సెంటరులో లెక్కలు చెప్పిన అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు. నా రెండో కొడుకు కన్నా ఏడాది చిన్న.

అమ్మాయీ, మీరు చిన్నవారన్న సంగతి గంటసేపటికల్లా మాకు గుర్తుండదు. మా వయసు మాత్రం ప్రతి నిమిషం గుర్తొస్తూనే ఉంటుంది. బలపం పట్టుకోగానే గుర్తొస్తుంది. ముప్పై ఏళ్లు కొడవలీ రోకలీ పట్టిన చేతికి బలపం ఎంత నొక్కితే పడుతుందో తెలియదు. నొక్కితే విరుగుతుంది, నొక్కకపోతే గీత పడదు. నాకు పెన్ను పట్టుకోవడం అలవాటు తప్పి, మొదటి నెలలో ఒక పేజీ రాసేసరికి బొటనవేలి మొదలు లాగేసేది. ఈ నొప్పి గురించి మేము టీచరుకు చెప్పం. చెబితే, "పెద్దదానివయ్యావు, నీకెందుకమ్మా ఇదంతా" అన్న మాట ఎక్కడ వస్తుందోనని భయం. ఆ మాట ఇంట్లో అప్పటికే చాలాసార్లు విని ఉంటాం.

మా లెక్కల అబ్బాయి చాలా మంచివాడు. అయినా రెండు పనులతో నన్ను బాగా కష్టపెట్టాడు. ఒకటి, ఏ లెక్క మొదలుపెట్టినా "ఇది చాలా ఈజీ అండీ" అనేవాడు. ధైర్యం చెప్పడానికే అనేవాడని నాకు తెలుసు. అయితే ఈజీ అన్న లెక్క నాకు రాకపోతే నేనేమైనట్టు? "ఇది కొంచెం కష్టమే, నాకూ మొదట్లో రాలేదు" అని ఉంటే నాలుగుసార్లు తప్పు చేసి కూడా సిగ్గుపడకుండా కూర్చునేదాన్ని. రెండోది, జవాబు సరిగ్గా వస్తే అందరిచేత చప్పట్లు కొట్టించేవాడు. పదిహేడును మూడుతో గుణించినందుకు చప్పట్లు! ఇద్దరు పిల్లల్ని పెంచి, పెళ్లిళ్లు చేసి, అప్పులు తీర్చిన మనిషిని నేను. ఆ చప్పట్లకు నేను కుర్చీలో కుంచించుకుపోయేదాన్ని. తప్పు చేసినప్పుడు అందరి ముందు ఎత్తిచూపడం ఎంత కష్టమో, చిన్న ఒప్పుకు అందరి ముందు ముద్దు చేయడం కూడా మా వయసులో దాదాపు అంతే కష్టం. ఈ రెండోది మీలాంటి మంచి పిల్లలే చేస్తారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

మీరు ప్రశ్న వేస్తే ఎవరూ జవాబు చెప్పడం లేదన్నారు. ఒకసారి మా లెక్కల అబ్బాయి బోర్డు మీద గుణకారంలో ఒక అంకె తప్పు వేశాడు. నేను చూశాను, నా పక్కనున్నావిడా చూసింది. ఇద్దరం నోరు విప్పలేదు. పాపం, చిన్నవాడు, అందరి ముందు చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాం. కాసేపటికి తనే చూసుకుని దిద్దుకుని, "మీరెవరూ గమనించలేదా?" అని అడిగాడు. గమనించలేదనే చెప్పాం. మీ తరగతిలోని మౌనంలో సగం ఇలాంటిదే అయి ఉంటుంది. వాళ్లు తమను కాపాడుకోవడంతో పాటు మిమ్మల్నీ కాపాడుతున్నారు. ఆయమ్మ కంది కోత అని చెప్పింది కూడా అందుకే. "నువ్వు నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశావు" అని మీ మొహం మీద అనడం ఆమెకు చేతకాక కాదు. మీ చెవి మెలిపెట్టగలిగిన మనిషికి ఆ మాట అనడం ఒక లెక్కా? మీరు బాధపడతారని అనలేదు.

ఆమె దగ్గరకు మళ్లీ వెళ్లండి, అయితే ఎందుకు రావడం లేదని అడగకండి. అడిగితే కందితో పాటు శనగ కూడా కోయవలసి వస్తుంది ఆమెకు. క్షమాపణ కూడా పెద్ద ఎత్తున చెప్పకండి. అది మళ్లీ ఆ రోజును తవ్వి తీసినట్టు అవుతుంది. "ఆ రోజు నేను చేసింది బాగాలేదు" అని ఒక్క మాట అనేసి, వేరే విషయం మాట్లాడండి. పలక తరగతిలో వదిలేసి వెళ్లి ఉంటే తీసుకెళ్లి ఇచ్చిరండి. పలక ఇంట్లో ఉంటే రాత్రిపూట ఎవరూ చూడనప్పుడు ఆమె తప్పకుండా రాసుకుంటుంది. నేను వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన రాసుకునేదాన్ని, మనవడి కంటపడకుండా.


సమాధానం: "ఈ-ఆఫీసు శిక్షకుడు", వరంగల్

నా వయసు 27. ప్రభుత్వ కార్యాలయాల్లో ఉద్యోగులకు కంప్యూటర్ శిక్షణ ఇస్తుంటాను. నా తరగతుల్లో కూర్చునేవాళ్లలో చాలామంది పదవీ విరమణకు మూడు నాలుగేళ్ల దూరంలో ఉన్న సీనియర్ అసిస్టెంట్లు, సూపరింటెండెంట్లు. మీ పరిస్థితికీ నాకూ చాలా తేడా ఉంది గాని, ఒక్క విషయంలో మనిద్దరం ఒకే తప్పు చేశాం. మీరు పలక తీసుకున్నారు, నేను మౌస్ లాక్కునేవాణ్ణి. ఆయన బాణం గుర్తును తెర మీద వెతుక్కుంటూ ఉంటే నాకు ఓపిక పట్టక, "ఇలా ఇవ్వండి సర్" అని తీసుకుని రెండు క్షణాల్లో పని ముగించేవాణ్ణి. ఆ రెండు క్షణాల్లో ఆయన నేర్చుకున్నది ఏమిటంటే, తనకు ఇది రాదని. ఇప్పుడు తరగతిలో రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడతాను. వినడానికి నవ్వులాటగా ఉంటుంది గాని, నాకు వేరే దారి దొరకలేదు.

వయోజనుల చదువును ఆండ్రగాజీ అనే పేరుతో ప్రచారం చేసిన అమెరికా ఆచార్యుడు మాల్కం నోల్స్ చెప్పిన వాటిలో, పెద్దవాళ్లు ఒక విషయం నేర్చుకునే ముందు అది తమకెందుకో తెలుసుకోగోరతారన్నది ఒకటి. నా తరగతిలో అది అక్షరాలా నిజమైంది. ఫైలు తయారుచేయడం పదిహేను రోజులు చెప్పినా ఎక్కించుకోని పెద్దాయన, తన జీపీఎఫ్ (భవిష్య నిధి) ఖాతా నిల్వ కంప్యూటర్లో తనే చూసుకోవచ్చని తెలిసిన రోజున, భోజన విరామంలో కూడా కుర్చీ వదల్లేదు. మీ పన్నెండు మందికి ఎవరికి ఏది కావాలో విడివిడిగా అడిగారా? ఒకరికి బస్సు మీది ఊరి పేరు కావాలి, ఒకరికి బ్యాంకులో వేలిముద్ర మానేసి సంతకం పెట్టాలని ఉంటుంది. ఎవరి పేరులోనైనా లక్ష్మి ఉంటే మాత్రం జాగ్రత్త. మొదటి రోజునే తన పేరు రాయాలని ఆశపడే మనిషికి, ఆ పేరులోనే క్షకు మ ఒత్తు, దాని మీద గుడి వచ్చి పడతాయి. అలాంటి పేరును అక్షరాలుగా విడదీసి చెప్పకుండా, ముగ్గు నేర్పినట్టు మొత్తంగా చేతికి అలవాటు చేయించడం మేలని మా అమ్మకు నేర్పినప్పుడు గ్రహించాను. అక్షరాల సంగతి ఆరు నెలల తరువాత చూసుకోవచ్చు.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీరు అత్త, మామయ్య, ఆయమ్మ అని రాశారు. పన్నెండు మందినీ అలాగే వరస పెట్టి పిలుస్తున్నారా? మా ఊళ్లో నేను చిన్నప్పుడు మా వీధివాళ్లను కాకా, పెద్దమ్మా అనేవాణ్ణి. కింది వాడ నుంచి పనికి వచ్చే, మా నాయనమ్మ ఈడు మనిషిని మాత్రం ఉత్త పేరు పెట్టి పిలిచేవాణ్ణి. ఎవరూ తప్పనలేదు, అందరూ అలాగే పిలిచేవారు. మీ తరగతిలో కూడా కొందరు అత్తలూ మామయ్యలూ అయి, ఇంకొందరు ఉత్త పేర్లయి ఉంటే, ఆ తేడా అంగన్‌వాడీ గది గోడలన్నిటికీ వినిపిస్తుంది. పాత వలంటీరు గారు "ఒరేయ్" అనిపించుకోవడంలో నష్టమేమీ లేదన్నారు. ఆయన్ను వాళ్లు ఏమన్నారన్నది చిన్న విషయం; ఆయన వాళ్లలో ఎవరిని ఏమన్నాడన్నది నాకు ముఖ్యం. అందరినీ "గారు" అనండి, లేకపోతే ఆడవాళ్లందరినీ "అమ్మా" అనండి. ఏదైనా ఫరవాలేదు గాని, పన్నెండు మందికీ ఒకే తీరు పిలుపు ఉండాలి.


సమాధానం: "సంఘం లెక్కలు", కృష్ణా జిల్లా

నేను డ్వాక్రా సంఘాలకు లెక్కల పుస్తకాలు రాస్తాను. వడ్డీ లెక్క గురించి మాత్రమే చెబుతాను.

మీ అత్త ఆ లెక్క ఎలా చేసిందో ఆమెనే అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద ఒక్కొక్క వరసగా రాయండి. బహుశా ఇలా చెబుతుంది: నూటికి 2, వెయ్యికి 20, పద్దెనిమిది వేలకు 360, ఏడు నెలలకు 2,520. మీ సూత్రం చేసేదీ ఇదే పని, కాకపోతే వందతో భాగించడం చివరకు పెట్టుకుంటుంది. నోటితో ఇంత వేగంగా చేసే మనిషికి లెక్క నేర్పనక్కరలేదు. ఆమె లెక్కను అంకెల్లో రాయడం నేర్పాలి. ఎందుకు రాయాలని మామయ్య అడిగితే, సంఘం పాసుపుస్తకం తెమ్మని చెప్పండి. నోటిలెక్క ఎంత సరైనదైనా, ఇంకొకరు కాగితం మీద వేసిన తప్పు అంకెను అది పట్టుకోలేదు. నా చేతిరాతలో 1కీ 7కీ తేడా తెలియక ఒక సభ్యురాలి కిస్తీలో ఆరువందలు తేడా వస్తే, పట్టుకున్నది రాయడం కొత్తగా నేర్చుకున్న ఆమే. ఆ రోజు నాకు చిన్నతనమనిపించింది గాని, ఆ తరువాత నా ఒకట్లు నిటారుగా నిలబడ్డాయి.


ప్రశ్న అడిగిన "సాయంత్రం బడి" మళ్లీ రాసినది

అందరికీ ధన్యవాదాలు. పది రోజుల తరువాత రాస్తున్నాను.

ముందు వరంగల్ గారి ప్రశ్నకు జవాబు చెప్పాలి. పన్నెండు మందిలో తొమ్మిది మందిని వరస పెట్టి పిలుస్తున్నాను. కాలనీ నుంచి వచ్చే ముగ్గురిని పేర్లతో పిలుస్తున్నాను. వాళ్లలో ఒకరికి 60 ఏళ్లు. మీ జవాబు చదివేదాకా ఈ సంగతి నా దృష్టికి రాలేదని రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే. మర్నాటి నుంచి ఆడవాళ్లందరినీ "అమ్మా" అనడం మొదలుపెట్టాను. మా అత్తకు ఇది నచ్చలేదు, "నేను నీకు అమ్మనెలా అవుతానే?" అని రెండు రోజులు సణిగింది. ఆ ముగ్గురిలో పెద్దావిడ మొదటి రోజు పిలిస్తే తనని కాదనుకుని పలకలేదు. రెండో రోజు పలికింది.

కళ్ల గురించి అడిగితే ఏడుగురికి దగ్గరి చూపు లేదని తేలింది. ముగ్గురి దగ్గర కళ్లజోళ్లు ఉన్నాయి గాని ఇంట్లో పెట్టి వస్తున్నారు. పలక పట్టుకుని, పైగా కళ్లజోడు పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారని. ఆశా కార్యకర్తతో మాట్లాడాను, మిగిలిన నలుగురినీ పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. ఈలోగా బోర్డు మీద జానెడు అక్షరాలు రాస్తున్నాను.

ఆయమ్మ పలక తరగతిలోనే ఉండిపోయింది. తీసుకెళ్లి అరుగు మీద పెట్టి, గుంటూరు అమ్మగారు చెప్పిన ఒక్క మాటా చెప్పి, ఆవిడ పెట్టిన టీ తాగి వచ్చేశాను. కంది ఊసు ఇద్దరమూ ఎత్తలేదు. మూడో రోజు వచ్చి తలుపు దగ్గర కూర్చుంది. నేను బోర్డు మీద "ప", "వ" పెద్దగా రాసి ఏమీ అనలేదు. కాసేపు చూసి, నాతో కాకుండా పక్కనున్నావిడతో, "ఇది మూత తీసిన గిన్నె, అది మూత పెట్టిన గిన్నె" అంది. నేను బీఎడ్‌లో చదివిన బోధనోపకరణాల్లో ఇంత బాగున్నది ఒక్కటీ లేదు. ఇప్పుడు పన్నెండు మందీ ఆ రెండక్షరాలను గిన్నెల లెక్కనే గుర్తుపెట్టుకున్నారు. "మ" ఏ గిన్నె అని అడిగితే మాత్రం, "అన్నీ గిన్నెలే అవుతాయా పాపా" అని విసుక్కుంది.

వడ్డీ లెక్క సంఘం లెక్కల వారు చెప్పినట్టే రాయించాను. మా అత్త పద్ధతి ఆయన ఊహించినదానికి ఒక్క వరస తేడాతో సరిపోయింది. పాసుపుస్తకాలు తెమ్మంటే ఐదుగురు తెచ్చారు. మామయ్య తేలేదు. ఆయన ఇప్పటికీ ప్రతి పాఠానికీ వెనకనుంచి ఒక మాట విసురుతూనే ఉన్నాడు, నిన్న కూడా నా చేతిరాత కోడి కెలికినట్టుందన్నాడు. అయితే ఈ మూడు నెలల్లో ఒక్క రోజు కూడా ఆయన తరగతి మానలేదని నిన్న హాజరు పట్టీ తిరగేస్తుంటే కనిపించింది.